శుభ్రం చేసిన సూర్యుడు

మామయ్య చూపు నడిమధ్య నుంచి పోతోందని తెలిసిన రోజున ఇంట్లో ఎవరూ ఏడవలేదు. కంటి డాక్టరు మందుల చీటీ వెనక్కి తిప్పి ఒక సున్నా చుట్టాడు. దాని లోపలంతా పెన్నుతో నల్లగా నింపాడు. "మీరు ఎటు చూస్తే అటు ఈ నలుపు అడ్డం వస్తుంది. చుట్టుపక్కల మాత్రం కనిపిస్తూనే ఉంటుంది. అది పోదు, భయపడకండి" అన్నాడు. మామయ్య తల ఊపి లేచి, డాక్టరుకు దండం పెట్టబోయి పక్కనున్న బరువు చూసే మిషనుకు పెట్టాడు. కోడలు ఆ చీటీని పారేయలేదు. మందులు వాడేశాక కూడా మడిచి, బీరువాలో పిల్ల టీకాల కాగితాల మధ్య పెట్టింది.

నలభై ఏళ్లు ఫోటో స్టూడియో నడిపిన మనిషాయన. ఎదుటివాళ్ల కళ్లలోకి సూటిగా చూసి "కదలకండి" అనడమే ఆయన బతుకు. అలాంటిది ఇప్పుడు కోడలి ముఖం చూడాలంటే ఆమె చెవి పక్కనున్న గోడకేసి చూడాలి. "నీతో మాట్లాడుతుంటే గోడతో మాట్లాడినట్టుంది అమ్మాయ్. గోడే నయం, ఎదురు చెప్పదు" అని నవ్వేవాడు. ఆమెకు నవ్వు వచ్చేది కాదు.

ఆమె చదువు ఎనిమిదో తరగతిలో ఆగింది. అమ్మ మంచాన పడితే చెల్లెళ్లను చూసుకోవడానికి బడి మాన్పించారు. మళ్లీ పంపుదాంలే అన్నారు. ఆ 'మళ్లీ' రానే లేదు. పెళ్లయి వచ్చాక మామయ్యే కూర్చోబెట్టి టచింగ్ పని నేర్పాడు. మొదట సన్న కుంచెతో ఫోటో మీద తెల్ల చుక్కలు పూడ్చడం, తర్వాత కంప్యూటరు మీద మొటిమలు, మచ్చలు, చెదిరిన వెంట్రుకలు తీసెయ్యడం. ఆ పనిలో ఆమెకు చెయ్యి బాగా తిరిగింది. మనుషుల మనసు చివుక్కుమనిపించేది ఏదీ ఆమె ఫోటోలో ఉండనిచ్చేది కాదు. మాటల్లోనూ అంతే.

ఆ అలవాటే చొక్కా గొడవ తెచ్చింది. ఒకరోజు పొద్దున మామయ్య తయారై, "చొక్కా బాగానే ఉందా అమ్మాయ్?" అని అడిగాడు. ఆమె అప్పుడు పిల్ల నోట్లో ముద్ద పెడుతోంది. తల ఎత్తకుండానే "చాలా బాగుంది మామయ్యా" అంది. ఆయన మధ్యాహ్నం దాకా తిరగేసిన చొక్కాతో స్టూడియోలో కూర్చున్నాడు. పాస్‌పోర్టు ఫోటోకు వచ్చిన కాలేజీ పిల్ల కిసుక్కుమంటే అప్పుడు తెలిసింది. ఇంటికొచ్చి కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "ఇకపైన నా కళ్లు నువ్వే. నువ్వు చెప్పిందే నేను చూసింది. నాకు నచ్చేది చెప్పకు, నీకు కనపడింది చెప్పు" అన్నాడు, ఆమె చెవి పక్కన గోడకేసి చూస్తూ. ఆ మాట ఆమె గుండెల్లో ముల్లులా దిగింది.

ఆ సంవత్సరమే సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. వాళ్ల ఊరికి ఆరు గంటల దూరంలో, మధ్యాహ్నం పూట, రెండు నిమిషాల సేపు.

మామయ్య తన ఇరవై రెండో ఏట ఒక గ్రహణం ఫోటో తీశాడు. అది నల్లతెలుపు ఫిల్ము. ఆ తర్వాత ఏదో వానాకాలంలో చెమ్మకు నెగెటివ్ అతుక్కుపోయి పాడైంది. "ఆ ఫోటోలో నాకు తేలని సంగతి ఒకటి మిగిలిపోయింది. ఈ మిగిలిన చూపు ఉండగానే అది తేల్చుకోవాలి. ఒక్క ఫోటో చాలు" అన్నాడు.

"ఏంటది మామయ్యా?"

"చెప్పను. చెబితే నువ్వు అదే వెతుకుతావు. లేకపోయినా ఉందంటావు. చొక్కా సంగతి మర్చిపోయావా?"

వెళ్లాలని అనుకున్నప్పటి నుంచి ఆమెకు తిండి సరిగ్గా ఎక్కలేదు. ఐదేళ్ల కూతురిని ఇంట్లో పిడుగు అంటారు. ఎందుకన్నారో ఐదు నిమిషాలు దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటే ఎవరికైనా తెలుస్తుంది. దాని కళ్లకు ఏమైనా అయితే? గ్రహణం చూసే నల్ల కళ్లద్దాలు నాలుగు తెప్పించారు. ఆమె ప్రతి సాయంత్రం వాటిని బల్బుకు ఎదురుగా పెట్టి, సూదిమొన అంత చిల్లయినా ఉందేమోనని వెతికేది. పిడుగు అద్దాలకు వెనక నుంచి వెడల్పాటి ఎలాస్టిక్ కుట్టింది, జారకుండా.

"దాని తలకాయ ఊడినా ఆ అద్దాలు ఊడవు" అన్నాడు భర్త. అతను బడి వ్యాను డ్రైవరు.

"అశుభం మాటలు మాట్లాడకండి."

"మాట్లాడను తల్లీ. ఆ దారమేదో నాక్కూడా రెండు కుట్లు వెయ్యి, నోటికి."

గ్రహణం రోజు తెల్లవారుతూనే ఆ వ్యానులోనే బయల్దేరారు. మామయ్య ముందు సీట్లో, ఒళ్లో కెమెరా సంచీ. వెనక సీట్ల మధ్య పడుకోబెట్టిన స్టాండు కాళ్లు. సీట్ల వెనక పిల్లలు పెన్నుతో రాసిన పేర్లు, బొమ్మలు. ఆమె వాటిని చూస్తూ, ఇన్ని తలలను రోజూ క్షేమంగా దించే మనిషి బండి నడుపుతున్నాడు కదా అని తనకు తనే ధైర్యం చెప్పుకుంది.

రెండు గంటలు పోయేసరికి మబ్బు కమ్మింది. చెదురు మబ్బు కాదు. దుప్పటి కప్పినట్టు, అంచు కనపడకుండా. భర్త బండి పక్కకు తీసి ఫోన్లు మొదలుపెట్టాడు. వాతావరణం చెప్పే వాళ్లకు కాదు, తనకు తెలిసిన లారీ డ్రైవర్లకు. ఒక్కొక్కరినీ ఒకటే ప్రశ్న.

"బావా, ఎక్కడున్నావు? నీ బండి నీడ రోడ్డు మీద పడుతోందా?"

పడటం లేదని ఒకడు. ఇందాక పడింది, ఇప్పుడు పోయిందని ఇంకొకడు. నాలుగో వాడు నవ్వి, "నీడా? నా బండి నీడలో కుక్క పడుకుంది, లేపమంటావా?" అన్నాడు. అతనున్నది తూర్పు రోడ్డులో. అదీ గ్రహణం నీడ పడే దారిలోనిదే, కానీ వీళ్లు అనుకున్న చోటికి బాగా ఎడం.

"తిప్పు" అన్నాడు మామయ్య.

"నాన్నా, అటు మనం ఎప్పుడూ పోలేదు. మూడు గంటలు పడుతుంది. మధ్యలో ఏదైనా..."

"నీడ ఉన్నచోట సూర్యుడున్నాడు. తిప్పు."

తిప్పాడు. దారిలో పిడుగు రెండుసార్లు వాంతి చేసుకుంది. రెండుసార్లూ బండి ఆపాల్సి వచ్చింది. పిల్ల మూతి తుడుస్తూ ఆమె వాచీ చూసుకుంది, మామయ్య వీపు చూసింది. ఆయన ఒక్క మాట అనలేదు. అననందుకే ఆమెకు ప్రాణం చచ్చిపోయినట్టయింది. నా పిల్ల వల్లే ఆయన ఆఖరి కోరిక చేజారిపోతుందేమోనని దారి పొడుగునా లోలోపల కుమిలిపోయింది. ఎండ ముక్క ఒకటి సీటు మీద పడి మాయమైంది. మళ్లీ పడింది. ఈసారి నిలబడింది.

చివరికి రోడ్డు పక్కన లారీలు తూచే కాటా ఒకటి కనిపించింది. చదునైన సిమెంటు నేల, చుట్టూ చెట్టూ చేమా అడ్డం లేదు. కాటా ఆయన కుర్చీ బయట వేసుకుని, మెడలో నల్లద్దాలు తగిలించుకుని కూర్చున్నాడు.

"అయ్యా, ఇక్కడ కెమెరా పెట్టుకోవచ్చా?" అని అడిగాడు భర్త.

"పెట్టుకోండి. కాటా పలక మీద మాత్రం వద్దు. పక్కన లారీ పోయినా అదురుతుంది. ఇంతకీ దేన్ని తూస్తారు, సూర్యుణ్ణా?"

"అంత బరువు మీ కాటా ఆపలేదులెండి" అన్నాడు మామయ్య. పొద్దుటి నుంచి ఆయన నవ్వడం అదే మొదలు.

స్టాండు నిలబెట్టారు. మామయ్య చేతులకు చూపుతో పనిలేదు. మరలు బిగించడం, కెమెరా ఎక్కించడం, కటకం ముందు నల్ల ఫిల్టరు తొడగడం అన్నీ తడుముకోకుండా చేసేశాడు. ఫోకసు మాత్రం ఆమే చెయ్యాలి. కెమెరా అద్దంలో నారింజ రంగు సూర్యుడు, ఒక పక్క కొరికిన రొట్టెలా ఉన్నాడు. అంచు గీసినట్టు కనపడే దాకా తిప్పి, ఆ రింగు కదలకుండా టేపు చుట్టింది.

"వైరు బటన్ నీ చేతిలో ఉంటుంది" అన్నాడు ఆయన. "ఎండ చుక్క పూర్తిగా ఆరిపోగానే 'పోయింది' అను. నేను ఫిల్టరు తీస్తాను. ముందే అన్నావంటే కెమెరా మాడిపోతుంది. ఆలస్యమైతే ఫోటో పోతుంది. తర్వాత నొక్కు. ఒకటి నొక్కి, ఐదు లెక్కపెట్టి, రెండోది. అదురు తగ్గాలి కదా."

"మామయ్యా, ఆయన చేత నొక్కిద్దాం. నాకు చేతులు వణుకుతున్నాయి."

"వాడికి స్టీరింగు తప్ప ఏదీ నిలకడగా పట్టుకోవడం రాదు. నువ్వు పెళ్లికూతురి కనురెప్ప మీద నలుసు తీసే మనిషివి."

వెలుతురు పల్చబడింది. సాయంత్రం లాగా కాదు. ఎవరో పగటిలోంచి రంగు పిండేస్తున్నట్టుంది. సిమెంటు నేల బూడిద రంగు తిరిగింది. కాటా ఆయన కుక్క లేచి గదిలోకి పోయింది. సరిగ్గా అప్పుడే పడమర నుంచి పల్చటి మబ్బు ఒకటి జారుకుంటూ వచ్చి సూర్యుడి మీద పరుచుకుంది.

"మబ్బు" అంది ఆమె.

"చూస్తూ ఉండు."

సన్నటి దారం, తర్వాత చుక్క, తర్వాత అదీ లేదు. "పోయింది!" అని అరిచింది. మామయ్య ఫిల్టరు లాగేశాడు. ఆమె నొక్కింది. మబ్బు వెనక ఒక మసక వలయం. ఐదు లెక్కపెట్టి మళ్లీ నొక్కింది. మళ్లీ. మబ్బే. ఎడమ అరచేయి పిడుగు కళ్లద్దాల మీద గట్టిగా అదిమి ఉంది. చీకటి పడ్డాక వట్టి కళ్లతో చూడొచ్చని అందరూ చెప్పారు. ఆమెకు తెలుసు. అయినా చెయ్యి తియ్యలేకపోయింది.

అప్పుడు మబ్బు చిరిగింది. పది లెక్కపెట్టేంత సేపు, అంతే. నల్లటి గుండ్రం, దాని చుట్టూ తెల్లటి వెలుగు జుట్టు విరబోసుకున్నట్టు. కాటా ఆయన "అమ్మమ్మమ్మ" అన్నాడు. ఆమె నొక్కింది. పిడుగు "నాకు, నాకు" అంటూ చేతి కింద నుంచి గింజుకుంది. ఆమె నొక్కిన రెండోది ఆ గింజులాటలో కదిలిపోయింది. మళ్లీ మబ్బు మూసుకుంది.

మామయ్య మాత్రం సూర్యుడికి కొంచెం పక్కగా, ఖాళీ ఆకాశంలోకి తల తిప్పి నిలబడ్డాడు. "నడుమ నలుపు, చుట్టూ వెలుగు" అన్నాడు మెల్లగా. "ఇవాళ మీ అందరిదీ నా చూపే."

వెలుగు తిరిగి వచ్చింది. ఆయన ఫిల్టరు తొడిగి ఆమె వైపు తిరిగాడు.

"ఏం చూశావు?"

"నల్లగా గుండ్రంగా ఉంది మామయ్యా. చుట్టూ తెల్లటి వెలుగు, దువ్వని జుట్టులా."

"అంచున? నలుపు అంచునే ఏమీ లేదా?"

ఆమె చూసింది పిల్ల తలనీ, బటన్‌నీ. ఆకాశాన్ని చూసింది ఒక్క రెప్పపాటే. ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది. "ఏమీ లేదు మామయ్యా" అంది.

ఆయన కెమెరా విప్పి సంచీలో పెట్టాడు. "ఫోటోలో చూద్దాం" అన్నాడు.

దారి పొడుగునా పిడుగు ముఖం మాడ్చుకుని కూర్చుంది. "నువ్వేం చూశావే?" అని తండ్రి అడిగితే, "అమ్మ చెయ్యి" అంది.

మర్నాడు పొద్దున ఆమె స్టూడియోకు ముందే వెళ్లి ఫోటోలు కంప్యూటరులోకి దింపింది. పదకొండింటిలో పది పనికిరానివి. మబ్బు, మబ్బు, కదిలింది, మబ్బు. ఒక్కటి మాత్రం అద్దంలా వచ్చింది. ఆమెకు కళ్లు చెమర్చాయి. పెద్దది చేసి చూసింది. వెలుగు పోగులు పోగులుగా, ఈనె ఈనె లెక్కపెట్టేట్టు. కానీ నల్ల గుండ్రం అంచున మూడు చోట్ల ఏదో అంటుకుని ఉంది. చిన్న చిన్న రంగు మరకలు. అంత దుమ్ములో బండి తలుపులు తీసి వేసింది, వాంతి తుడిచిన చేతులతో కెమెరా ముట్టుకుంది. తన వల్లే పడి ఉంటాయి. ఆయన ఒకే ఒక్క ఫోటోలో తన చేతి మురికి.

కూర్చుని తుడిచింది. ఒక్కో మరకకూ పక్కనున్న తెలుపు తెచ్చి అద్దింది, నలుపు అంచు మళ్లీ గీసినట్టు చేసింది. ముప్పావు గంట పట్టింది. పెళ్లికూతురి బుగ్గకు కూడా అంత శ్రద్ధ పెట్టలేదు. ఆ కంప్యూటరు పాతది, చోటు తక్కువ. అందుకని ఆ స్టూడియోలో పాత ఫోటో మీదే కొత్తది దాచడం మామయ్య పెట్టిన పద్ధతి. అలాగే దాచింది. కెమెరా కార్డు ఖాళీ చేసి, ఆ రోజు వచ్చే వాళ్ల కోసం తిరిగి కెమెరాలో పెట్టింది. పెద్ద ప్రింటు తీసి ఆరబెట్టింది.

మామయ్య వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. ప్రింటును రెండు చేతులతో పట్టుకుని, తల పక్కకు వాల్చి, కంటి కొసతో దాన్ని పట్టుకోవాలని చూశాడు. తర్వాత భూతద్దం తీశాడు. తర్వాత అది కూడా పక్కన పెట్టేశాడు.

"అమ్మాయ్, నా వేలు పట్టుకో. నలుపు అంచు వెంబడి తిప్పు. తిప్పుతూ చెప్పు."

ఆమె ఆయన చూపుడు వేలు పట్టుకుని గుండ్రం చుట్టూ నడిపింది. పిడుగు బల్ల అంచుకు గడ్డం ఆనించి చూస్తోంది.

"శుభ్రంగా ఉంది మామయ్యా. ఎక్కడా ఏమీ లేదు."

"ఏమీ లేదా?"

"ఒక్క నలుసు లేదు."

ఆయన వేలు వెనక్కి తీసుకున్నాడు. "అప్పట్లో నేను తీసిన ఫోటోలో అంచున మూడు బుడిపెలు పడ్డాయి" అన్నాడు. "అవి సూర్యుడి మంటలని, నిజానికి ఎర్రగా ఉంటాయని తర్వాత ఎవరో చెప్పారు. నా ఫిల్ములో రంగు లేదు. తీసేటప్పుడు నేను చూసింది చేతిలోని కెమెరాని, ఆకాశాన్ని కాదు. అంత దగ్గర నిలబడి కూడా ఎరుపో కాదో చూసుకోలేదు. నలభై ఏళ్లుగా అదే. సరేలే. మంటలు లేవంటే లేవు. నా ఫిల్ములో పడ్డవి కూడా మరకలే అయి ఉంటాయి."

ఆమె తుడిచినవి కూడా సరిగ్గా మూడే.

ఇప్పుడు ఏది చెప్పినా ఆయన నమ్ముతాడు. 'ఆగండి మామయ్యా, ఇదిగో ఇక్కడ ఎర్రగా ఉంది' అని శుభ్రంగా ఉన్న కాగితం మీద ఆయన వేలు ఆనిస్తే చాలు. ఆయన ముఖం వెలిగిపోతుంది. ఎవరికీ నష్టం లేదు. చొక్కా బాగుందన్నంత తేలిక.

"మామయ్యా" అంది. "ఉన్నాయి. నేనే తీసేశాను."

ఆయన తల ఆమె వైపు తిప్పాడు.

"మరకలనుకున్నాను. నా చేతి మురికి అనుకున్నాను. తుడిచి దానిమీదే దాచేశాను. కార్డు కూడా ఖాళీ చేశాను. ఇక లేవు." అక్కడితో ఆగకుండా, తనను తను కొట్టుకుంటున్నట్టు మిగతాది కూడా చెప్పేసింది. "నిన్న అక్కడ కూడా నేను సరిగ్గా చూడలేదు. పిల్ల కళ్లు మూస్తూ కూర్చున్నాను. చూశానని మీతో అబద్ధం చెప్పాను."

ఆయన చేతులు ప్రింటు మీద బోర్లా పడి ఉన్నాయి. ఆ చేతులు ఆమె వైపు ఎప్పుడూ కోపంగా లేచినవి కావు. ఇప్పుడూ లేవలేదు. కానీ ఆయన కింది పెదవి వణకడం ఆమె మొదటిసారి చూసింది.

"ఎంతసేపు తుడిచావు?" అన్నాడు.

"ముప్పావు గంట."

"అంతసేపు చూశావన్నమాట. నాకంటే ఎక్కువే చూశావు. ఎక్కడెక్కడ ఉన్నాయి?"

ఆమెకు గుర్తుంది. టచింగ్ చేసిన చెయ్యి తీసేసిన మచ్చను మర్చిపోదు. ఆయన వేలు మళ్లీ పట్టుకుంది.

"ఇక్కడ ఒకటి, గడియారంలో రెండు దగ్గర. అన్నిటికంటే పెద్దది. పైకి లేచి, ఒక పక్కకు వంగి ఉంది, కొక్కెంలా. దాని మొన అంచుకు తగల్లేదు, మధ్యలో సందు ఉంది. ఆ సందు పూడ్చడానికే ఎక్కువ సేపు పట్టింది. ఇక్కడ నాలుగు దగ్గర రెండోది, బియ్యపు గింజంత, పొట్టిగా. మూడోది ఇటు, తొమ్మిది దాటాక. అది నిలబడి లేదు, అంచు మీద పాకినట్టుంది."

"ఎరుపేనా?"

అవునని నాలుక చివరిదాకా వచ్చింది. నలభై ఏళ్లుగా ఆయన వినాలనుకున్న మాట అదే. ఆమె కళ్లు మూసుకుని ఆ మరకలను మళ్లీ ముందుకు తెచ్చుకుంది.

"పూర్తిగా ఎరుపు కాదు మామయ్యా. గులాబీ." పిడుగు చెయ్యి అందుకుని వెలుతురుకు పెట్టి చూసింది. "ఇదిగో, పిల్ల గోరు కింద కనిపించే రంగు. అంచుకు ఆనుకున్న చోట మాత్రం కాస్త ముదురు."

మామయ్య మనవరాలి వేలు పట్టుకుని, తల పక్కకు తిప్పి, కంటి కొసతో ఆ గోరును చాలాసేపు చూశాడు.

"తాతయ్యా, కనపడిందా?"

"కనపడిందే."

ఆమె గబగబా అంది, "రంగులు నా దగ్గర ఉన్నాయి మామయ్యా. కుంచెతో ఉన్నది ఉన్నట్టు పెట్టేస్తాను. ఎవరికీ తెలీదు."

"వద్దు" అన్నాడాయన. "ఉన్నవి తీసేశాం. లేనివి పెట్టొద్దు. వెనక్కి తిప్పి రాయి."

"నేనా? నా రాత..."

"చూసింది నువ్వు. ఇంకెవరు రాస్తారు?"

ఆమె ప్రింటు బోర్లించి, పెన్ను తీసుకుంది. టీకాల కార్డు మీద పిల్ల పేరు తప్ప ఆమె పెద్దగా రాసింది లేదు. ఒత్తుల దగ్గర ఆగుతూ, అక్షరాలు కిందికి జారిపోతుంటే మళ్లీ పైకి లాగుతూ, ఒక్కో మరక ఎక్కడుందో, ఎంతుందో, ఏ రంగో రాసింది. చివర, 'ఇవి ఫోటోలో ఉండేవి. నేను తుడిచేశాను. చూసినదాన్ని నేనే' అని రాసింది.

"చదువు" అన్నాడు మామయ్య, గోడకేసి తిరిగి.

ఆమె చదివింది. కొక్కెం దగ్గరకు వచ్చేసరికి ఆయన చేయి ఎత్తాడు.

"అక్కడ ఇంకోసారి" అన్నాడు.